అవ్వ ఎడమ కాలు

వాంకూవర్,
నవంబర్ 23, ఆదివారం రాత్రి

అమ్మా,

ఈ ఉత్తరం నువ్వే చదువు. తమ్ముడి చేత చదివించుకోవద్దు. వాడు సగం మింగేసి మిగతా సగం నాన్నకు వినిపిస్తాడు. కాగితం మీద రాసి ఫొటోలు తీసి పంపుతున్నాను. అక్షరాలు చిన్నవిగా ఉంటే వేళ్ళతో పెద్దవి చేసుకో. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. వెనక మగ్గం చప్పుడు, పక్కింటి అత్త పలకరింపులు, "తిన్నావా" అని అవ్వ నాలుగుసార్లు అడగడం. ఆ సందడిలో నేను అడగాల్సింది అడగలేను.

బాగానే ఉన్నాను. తింటున్నాను. జాకెట్ కొనుక్కున్నాను. ఎవరో వాడినదే, కానీ లోపలికి నీళ్ళు రావు. ఇక్కడ నవంబర్ అంతా వానే. ఉరుము లేదు, మెరుపు లేదు, పొద్దున మొదలుపెట్టి రాత్రి దాకా ఎవరో పైన కూర్చుని జల్లెడ పడుతున్నట్టు పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఈ వాన మన దగ్గర పడితే ధర్మవరం చెరువు ఏటా మరవ పారేది కదా అనుకుంటాను రైలులో కూర్చుని.

దుకాణం పని మామూలే. చదువుకునేవాళ్ళను వారానికి 24 గంటలకు మించి చేయనివ్వరు. ఈ విడత ఫీజు కట్టేశాను. బ్యాంకు కిస్తీ గురించి నాన్నను కంగారు పడవద్దని చెప్పు. ఆ సంగతి ఇంతటితో సరి.

ఇక నేను కంప్యూటర్‌లో చేస్తున్న బొమ్మల సినిమా. నీకు కథ ఒకసారి చెప్పాను, మగ్గం చప్పుడులో విన్నావో లేదో. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉంటుంది. ఒక కండె ఒళ్ళోంచి జారి, గడప దాటి, వీధిలో దొర్లుకుంటూ పోతుంది. వెనకాల ఎర్రటి పట్టు దారం. ఒక పిల్ల దాని వెంట పరుగు. పిల్లకు అది దొరికేసరికి కండె ఖాళీ. ఇటు అవ్వ లేచి గడప దాకా వచ్చి దారం రెండో కొస పట్టుకుని నిలబడి ఉంటుంది. అంతే. మాటలు లేవు. సరిగ్గా 1 నిమిషం.

"ఒక్క నిమిషం సినిమాకు నాలుగు నెలలా" అని నాన్న అన్నాడట. తమ్ముడు చెప్పాడు. నాకు కోపం రాలేదు, వచ్చింది కానీ పోయింది. నాన్నకు ఇలా చెప్పు. సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 1,440. మగ్గానికి బిగించిన జకార్డు మీద ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట లేస్తుంది కదా, ఆ అట్టల దండ ఎంత పొడవు ఉంటుందో ఆయనకు నేను చెప్పాలా? ఒక్క అట్టకు రంధ్రం తప్పు పడితే కొంగులో నెమలి ముక్కు వంకర పోతుంది. ఇక్కడా అంతే. అక్కడ ఆయన ఎవరినీ "ఇన్ని రోజులా" అననివ్వడు. నన్ను మాత్రం అంటాడు.

అందులో నా పని అయిపోయాక కంప్యూటర్ పని మొదలవుతుంది. వెలుతురు, నీడ, చీర మెరుపు లెక్క కట్టి ఒక్కో బొమ్మను తయారు చేయడానికి నా లాప్‌టాప్‌కు 6 నిమిషాలు పడుతోంది. 1,440 బొమ్మలకు 144 గంటలు. అంటే ఆపకుండా 6 రోజులు. ఆ 6 రోజులూ నేను ఇంకేమీ చేయలేను. ఒకందుకు మంచిదే, ఈ నేలమాళిగ గదిలో అది చిన్న కుంపటిలా వెచ్చగా ఉంటుంది. ఇంటావిడ కరెంటు బిల్లు చూసి ఏమంటుందో అదొక భయం.

సాఫ్ట్‌వేర్‌కు ఎంత పోశావు అని కూడా నాన్న అడిగాడు కదా. ఏమీ పోయలేదు. దాని పేరు బ్లెండర్. ఒకప్పుడు ఒక కంపెనీది. ఆ కంపెనీ మూతపడితే, 2002లో దాన్ని వాడేవాళ్ళంతా ఊళ్ళో గుడికి చందాలు వేసినట్టు వేసుకుని, ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి విడిపించారు. అప్పటి నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఈ మాట నాన్నకు నచ్చుతుంది.

దారం నన్ను ఏడిపించింది అమ్మా. కంప్యూటర్‌కు దారమంటే తెలియదు. బరువు, గాలి అన్నీ లెక్క వేసి అదే కదిలిస్తుందని వదిలేస్తే, దారం పాములా లేచి గడప రాతిలోకి దూరిపోయింది. ఇంకోసారి అవ్వ మెడకు చుట్టుకుంది. చూసి నవ్వొచ్చింది, తర్వాత భయమేసి వెంటనే చెరిపేశాను. చివరికి ఆ లెక్కలు మానేసి, దారం పొడవునా 40 చోట్ల ముడులలాగా గుర్తులు పెట్టుకుని ఒక్కొక్కటీ చేత్తో జరుపుతున్నాను. నువ్వు తెగిన పోగు అతికేటప్పుడు చూపుడువేలికి, బొటనవేలికి మధ్య ఒక్క మెలి పెడతావే, ఆ మెలి నాకు ఇంతవరకు రాలేదు.

కందిపొడి అయిపోయింది. కరివేపాకు ఇక్కడ చిన్న పొట్లంలో పెట్టి, బంగారం తూచినట్టు అమ్ముతారు.

క్లాసులో ఒకరోజు లొట్టే రైనిగర్ అనే జర్మన్ ఆవిడ పని చూపించారు. 1926లోనే అట్ట బొమ్మలు కత్తిరించి, కీళ్ళ దగ్గర తీగతో కట్టి, వాటిని కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటోలు తీసి గంటకు పైగా నడిచే సినిమా చేసిందట. అందరూ నోళ్ళు తెరిచి చూస్తున్నారు. నేను చేయి ఎత్తి, మా ఊరి పక్క నిమ్మలకుంటలో మేకతోలును అద్దంలా పలచగా గీకి, రంగులు వేసి, భుజం దగ్గరా మోచేయి దగ్గరా దారంతో కట్టి ఆడిస్తారని, మా బొమ్మల నీడ నల్లగా ఉండదు, ఎర్రగా పచ్చగా ఉంటుందని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చిన్నప్పుడు ఆ ఆట చూడమని తీసుకెళ్తే నేను పది నిమిషాలకే నీ ఒళ్ళో నిద్రపోయానని మాత్రం చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. తిప్పి తిప్పి రాస్తున్నానని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అక్టోబర్‌లో మా టీచరు నా పని చూసింది. అవ్వ బొమ్మకు ఎముకలు అమర్చి, ఏ ఎముక కదిలితే ఎంత చర్మం కదలాలో రంగులు పూసి కంప్యూటర్‌కు చెప్పి, మోచేయి వంచితే గొట్టంలా నొక్కుకుపోకుండా సరిచేయడానికి మూడు వారాలు పట్టింది. మెచ్చుకుంటుందనుకున్నాను. "బొమ్మ కదులుతోంది, బరువు లేదు. ఈవిడ నేల మీద నుంచి లేస్తోందా, గాలిలో తేలుతోందా?" అంది. తర్వాత మెల్లగా, "మీ అవ్వ లేచేటప్పుడు ముందు ఏ చేయి నేలకు ఆనిస్తుంది?" అని అడిగింది.

నాకు తెలియలేదు అమ్మా. ఇరవై ఏళ్ళు ఆమె పక్కన పడుకున్నదాన్ని. ఆమె ముక్కుపొడి వాసన, రవిక కుట్టు, కోపమొస్తే పైకి లేచే ఎడమ కనుబొమ్మ అన్నీ గీయగలను. ఏ చేయి ఆనిస్తుందో తెలియలేదు.

అందుకే తమ్ముడిని వీడియో అడిగాను. వాడు పంపింది 9 సెకన్లు. వాడి ఫోనులో సెకనుకు 30 బొమ్మలు, మొత్తం 270. ఒక్కొక్కటే ఆపి ఆపి చూశాను. కుడిచేయి నేలకు ఆనించింది. బాగుంది, రాసుకున్నాను. కొంగు దోపుకుంది. తర్వాత 110వ బొమ్మ దగ్గర ఎడమచేయి వెనక్కి వెళ్ళి మగ్గం గుంజను వెతుక్కుంది. చూడకుండానే వెతుక్కుంది, అంటే అది కొత్త అలవాటు కాదు. నేను వచ్చేటప్పుడు అవ్వ ఏమీ పట్టుకోకుండా లేచేది. 140 నుంచి 190 దాకా బరువంతా కుడికాలి మీదే. ఎడమ పాదం మడమ నేలకు తగలనే లేదు. 205 దగ్గర ముఖం ఒక్కసారి ముడుచుకుని, వెంటనే తమ్ముడు తీస్తున్నాడని గుర్తొచ్చి నవ్వింది. మామూలుగా చూస్తే ఆ నవ్వే కనిపిస్తుంది. మీరంతా నన్ను ఆ నవ్వు చూడమనే పంపారు.

ఎప్పుడు పడింది? స్నానాల గదిలోనా, మగ్గం గుంతలోనా? దసరాకు వీడియో కాల్‌లో ఆమెను మంచం మీదే కూర్చోబెట్టారు, "ఇప్పుడే భోంచేసి కూర్చుంది" అన్నావు. నేను నమ్మాను. నిన్ను తప్పుపట్టడం లేదు. దూరంగా ఉన్న పిల్ల చదువు పాడవుతుందని దాచావు, తెలుసు. కానీ నన్ను ఇక్కడికి పంపింది కదలికలు చూడడం నేర్చుకోమనే కదా. నేర్చుకుంటే మొదట కనిపించింది ఇది.

నేనూ ఒకటి దాచాను, చెప్పేస్తాను. గత నెలలో పాత ఫైలును కొత్తదాని మీద సేవ్ చేసి 11 రోజుల పని పోగొట్టుకున్నాను. తప్పు నాదే, నిద్ర లేక. ఆ రోజే నువ్వు ఫోను చేసి గొంతు ఎందుకలా ఉందంటే జలుబు అన్నాను. దుకాణంలో కూరగాయలు పెట్టే చల్లగదిలో కాసేపు ఏడ్చి, మళ్ళీ వచ్చి ఉల్లిపాయలు సర్దాను. ఇప్పుడు రోజూ మూడు చోట్ల సేవ్ చేస్తున్నాను. మళ్ళీ చేసింది మొదటిదాని కన్నా బాగుందని టీచరు అంది, కాబట్టి నాన్నతో ఈ ముక్క చెప్పనక్కరలేదు.

సంక్రాంతికి రాలేను. డిసెంబర్ 12 లోపల అంతా అప్పగించాలి, ఆ తర్వాత వచ్చి పోయేంత డబ్బు లేదు. అవ్వ అడిగితే వేసవి అని చెప్పు.

ఒక పని మాత్రం చేసిపెట్టు. ఇంకో వీడియో కావాలి, ఈసారి పక్క నుంచి. ఫోను అడ్డంగా పట్టుకోమని వాడికి చెప్పు. కాలి కోసమని అవ్వకు తెలియనివ్వవద్దు. కాదు, తెలియనివ్వు. ఆమెనే అడుగు. సినిమాలో అవ్వ గుంజ పట్టుకుని లేవాలా, పట్టుకోకుండా లేవాలా అని. రెండు రకాలుగానూ చేసి చూశాను. పట్టుకోకుండా లేచేది చూస్తే హాయిగా ఉంటుంది. పట్టుకుని లేచేదానికే బరువు ఉంది. నాకు తేలడం లేదు. ఆమె ఏమని తిడుతుందో ఉన్నది ఉన్నట్టు నాకు చెప్పు.

ఇక్కడ రాత్రి 11 దాటింది, అక్కడ నీకు మధ్యాహ్నం పన్నెండున్నర, నాన్న మగ్గం దిగే వేళ. ఆయనకు అన్నం పెట్టాకే చదువు.

నీ
చిన్ని

మరిచాను. డాక్టరు రాసిచ్చిన చీటీ, తీయించి ఉంటే ఎక్స్‌రే, రెండూ ఫొటో తీసి ఈ రోజే పంపు. కందిపొడి తర్వాత సంగతి.