అమ్మ చర్మాన్ని కూడా పట్టించుకున్నవాళ్లకు కృతజ్ఞతలు

అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఎర్లోటినిబ్ మాత్రలు మొదలుపెట్టిన వారం పది రోజులకే ముక్కు చుట్టూ, బుగ్గల మీద, ఛాతీ మీద చీముపొక్కులు లేచాయి. "ఈ వయసులో మొటిమలేమిటే నాకు" అని మొదట నవ్వింది. దురద, మంట ఎక్కువయ్యాక మాత్రలు మానేస్తానని పట్టుబట్టింది.

ముందుగా వార్డులోని సిస్టర్ గారికి నమస్కారం. ఫోన్లో విని ఊరుకోకుండా ఫొటోలు పంపమన్నారు, డాక్టరు గారికి చూపించి ఆ రోజే చర్మ వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పించారు.

ఆ మేడమ్ ఒక్కో పొక్కునూ దగ్గరగా చూసి, "ఇవి మొటిమలు కావమ్మా, లోపల నల్లమొన ఉండదు చూడండి" అన్నారు. కణితి పెరగడానికి వాడుకునే ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రోటీన్‌ను ఈ మందు అడ్డుకుంటుందట. అదే ప్రోటీన్ చర్మ కణాల్లోనూ ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడా తగులుతుంది. అంటువ్యాధి కాదు. (అంటుకుంటుందేమోనని దూరంగా కూర్చున్న చుట్టాలకు ఇక్కడ థ్యాంక్స్ లేదు.) మొటిమల క్రీములు రాస్తే చర్మం ఇంకా ఎండిపోతుందని వద్దన్నారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, తేలికపాటి స్టెరాయిడ్ క్రీము, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ రాశారు. డాక్సీసైక్లిన్ వేసుకుంటే చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కాబట్టి ఆ జాగ్రత్త మరీ మరీ చెప్పారు. పొక్కులు వస్తేనే మందు పనిచేస్తున్నట్టా అని అడిగితే, అలాంటి సంబంధం కొన్ని పరిశోధనల్లో కనిపించింది గానీ, రానివాళ్లకు పనిచేయట్లేదని కాదన్నారు. మా టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

ఇదే రకం మందు వాడుతున్న ఒక అక్కయ్య వెయిటింగ్ హాల్లో పరిచయమయ్యారు. ముందు ముందు గోరుచుట్టు రావచ్చు, కనురెప్పల వెంట్రుకలు పొడవుగా పెరిగి లోపలికి వంకర తిరగొచ్చు అని చెప్పింది ఆవిడే. రెండూ వచ్చాయి. బొటనవేలి గోరు పక్కన వాచి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి కూడా అమ్మకు నా చెయ్యి కావాల్సి వచ్చింది. రెప్ప వెంట్రుక కంట్లో గుచ్చుకుంటుంటే, అక్కయ్య చెప్పినట్టే ఇంట్లో కత్తెర ముట్టుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాం. అక్కయ్యా, మీరు చెప్పకపోతే హడలిపోయేవాళ్లం.

పొక్కులు పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి. మాత్ర ఆపలేదు, మోతాదూ తగ్గించలేదు. సిస్టర్ గారూ, వచ్చే స్కాన్ రిపోర్టు రాగానే మొదటి ఫోన్ మీకేనంటోంది అమ్మ.