రిమోట్ సర్వర్లో కర్సర్ కనపడకపోతే కళ్లు చూపించుకోమనకండి

సంపాదకులకు నమస్కారం.

రిమోట్ డెస్క్‌టాప్ (దూరంగా ఉన్న సర్వర్‌ను మన తెర మీద నుంచే వాడే ఏర్పాటు) మీద రోజంతా పనిచేసేవాళ్ల నుంచి ఐటీ విభాగానికి పదేపదే వచ్చే ఫిర్యాదు ఒకటుంది. "మౌస్ బాణం ఎక్కడుందో కనపడటం లేదు." జవాబూ దాదాపు ఒక్కటే. "మాకు బాగానే కనపడుతోంది, ఒకసారి కళ్లు చూపించుకోండి." ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే సర్వర్లోకి లాగిన్ అయినా వాళ్లిద్దరి తెరల మీద ఉన్న బాణం ఒకటి కాదు. ఈ ముక్క తెలియకపోవడం వల్ల చూపు తక్కువున్నవాళ్లు, చెయ్యి వణికేవాళ్లు రోజూ అవస్థ పడుతున్నారు. సరిచేయడానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు, అందుకే మరీ బాధగా ఉంటుంది.

ముందు బాణం ఎక్కడ తయారవుతుందో చూద్దాం. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో మామూలుగా బాణం తెర బొమ్మలో కలిసి రాదు. సర్వర్ దాని ఆకారాన్ని, కొన ఎక్కడుందో చెప్పే బిందువును విడిగా పంపుతుంది. వాటిని తీసుకుని గీసేది మన ముందున్న యంత్రం. బాణం తెర బొమ్మలోనే ఉంటే మౌస్ కదిపిన ప్రతిసారీ కబురు సర్వర్ దాకా వెళ్లి రావాలి, బాణం చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ ఆలస్యం తప్పించడానికే ఈ ఏర్పాటు. మంచి ఏర్పాటే, కానీ బాణం సరిగా కనపడాలంటే రెండు యంత్రాలు ఒక మాట మీద ఉండాలి. సొంత కంప్యూటర్లో బాణాన్ని ఎంత పెద్దది చేసుకున్నా, రిమోట్ కిటికీలోకి జరపగానే అది మళ్లీ చిన్నదైపోవడానికి కారణం ఇదే. ఆకారం, సైజు సర్వర్ సెషన్‌లో, అంటే సర్వర్లోకి లాగిన్ అయ్యాక తెరుచుకునే తెరలో, మార్చాలి. గీయడంలో తేడా వస్తే మన దగ్గరున్న క్లయింట్‌లో, అంటే సర్వర్‌కు కలిపే ప్రోగ్రామ్‌లో, వెతకాలి. ఎక్కువ ఫిర్యాదులు ఈ రెంటినీ కలిపేయడం వల్లే తేలకుండా ఉండిపోతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించేది అక్షరాల మీదికి వెళ్లినప్పుడు వచ్చే నిలువు గీత, ఐ-బీమ్. పాత పద్ధతి ఐ-బీమ్‌కు సొంత రంగు ఉండదు. తన కింద ఏ రంగుంటే దాన్ని తిరగేసి చూపిస్తుంది. తెలుపు మీద నల్లగా, నలుపు మీద తెల్లగా. వినడానికి భేషుగ్గా ఉంటుంది. మధ్యరకం బూడిద రంగు మీద పెట్టి చూడండి. ఆ రంగు విలువ 128 అనుకుంటే తిరగేసినప్పుడు 255లోంచి 128 పోయి 127 వస్తుంది. పక్కపక్కనే ఉన్న 128కీ 127కీ తేడా ఏ కంటికీ అందదు. వెబ్ సౌలభ్య ప్రమాణాల 2.1 రూపం (వెర్షన్) బటన్లు, పెట్టెల అంచుల వంటి వాటికి పక్క రంగుతో కనీసం 3:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలంటుంది. ఆ నియమం బాణానికి రాసింది కాదు గానీ, కొలబద్దగా పనికొస్తుంది. ఇక్కడ వచ్చేది ఇంచుమించు 1:1. బూడిద రంగు ఫారాలతో నిండిన పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లలో గీత మాయమవుతోందంటే మంత్రమేమీ లేదు, ఈ తీసివేతే.

ఇంకో చిక్కుంది. ఇలా రంగు తిరగేయడం అన్ని క్లయింట్లకూ చేతకాదు. బ్రౌజర్‌లో తెరిచే రిమోట్ సెషన్‌నే తీసుకోండి. వెబ్ పేజీ బ్రౌజర్‌కు స్థిరమైన కర్సర్ బొమ్మ ఒకటి ఇవ్వగలదు, అంతే. కింద ఏ రంగుందో చూసి తిరగేయమని చెప్పే దారి లేదు. ఫ్రీఆర్‌డీపీ లాంటి క్లయింట్లు తిరగేయాల్సిన చోట నలుపు తెలుపు చుక్కల గళ్లు గీసి నెట్టుకొస్తాయి. అందుకే రకరకాల క్లయింట్లు వాడే సంస్థలో "విండోస్ ఇన్వర్టెడ్" అనే, రంగు తిరగేసే బాణాల స్కీమ్‌ను అందరికీ పెట్టడం తప్పు. అడ్మిన్ కంప్యూటర్లో అద్భుతంగా కనపడే ఆ బాణమే, ఇంకొకరి బ్రౌజర్‌లో గుర్తుపట్టలేకుండా ఉంటుంది.

సరిచేసే పద్ధతి ఇది. సెషన్‌లోనే రన్ పెట్టె తెరిచి మెయిన్ డాట్ సీపీఎల్ అని కొడితే మౌస్ ప్రాపర్టీస్ వస్తుంది. పాయింటర్స్ ట్యాబ్‌లో స్కీమ్ దగ్గర చాలా సర్వర్లలో "నన్" అనో డిఫాల్ట్ అనో ఉంటుంది. అక్కడ "విండోస్ బ్లాక్" ఎక్స్‌ట్రా లార్జ్ ఎంచుకోవాలి. నల్లని బాణానికి తెల్లని అంచు ఉంటుంది కాబట్టి ఏ రంగు మీదైనా నిలబడుతుంది. స్కీమ్ మొత్తం మార్చడం ఇష్టం లేనివాళ్లు టెక్స్ట్ సెలెక్ట్ అనే ఒక్క వరుసను పట్టుకుని, బ్రౌజ్ నొక్కి, బీమ్ అండర్‌స్కోర్ ఆర్ ఫైలు పెట్టుకున్నా సగం బాధ తీరుతుంది. అదే పేజీలో పాయింటర్ షాడో టిక్ తీసేయాలి. థీమ్‌లు పాయింటర్లను మార్చవచ్చన్న టిక్ కూడా తీసేయాలి, లేకపోతే రేపు థీమ్ మారగానే ఇవాళ చేసింది పోతుంది. పక్కనున్న పాయింటర్ ఆప్షన్స్‌లో టైప్ చేస్తుండగా బాణం దాచే టిక్ ఉంటుంది. నెమ్మదైన లైన్ల మీద అది ఉండకపోవడమే మంచిది.

సైజు సంగతి కాస్త లెక్కగా చూడాలి. రిమోట్ డెస్క్‌టాప్‌లో రెండు యంత్రాలు మాట్లాడుకునే ప్రోటోకాల్‌లో మామూలు బాణం హద్దు 32 పిక్సెళ్ల చదరం. తర్వాత 96, ఆపైన 384 పిక్సెళ్ల దాకా పెద్ద పాయింటర్లు వచ్చాయి. అయితే సర్వరూ క్లయింటూ రెండూ ఒప్పుకుంటేనే అవి నడుస్తాయి. బ్రౌజర్ల హద్దు 128. పైగా క్రోమ్‌లో 32 దాటిన బొమ్మ బ్రౌజర్ సొంత పట్టీల అంచుకు తగిలితే ఆ కర్సర్ పోయి మామూలు బాణం వస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో బాణం సైజు స్లయిడర్ 1 నుంచి 15 దాకా ఉంటుంది. 1 అంటే 32 పిక్సెళ్లు, ఆపైన ఒక్కో మెట్టుకు 16 చొప్పున పెరిగి 15 దగ్గర 256 అవుతుంది. దీన్నిబట్టి 5వ మెట్టు సరిగ్గా 96, 7వ మెట్టు 128. స్కేలింగ్ (తెర మీదున్నవాటిని పెద్దవి చేసి చూపే శాతం) 100 ఉన్న సెషన్‌లో 5 పెడితే 96 వరకు ఒప్పుకునే క్లయింట్‌లోనూ, బ్రౌజర్‌లోనూ ఇముడుతుంది. స్కేలింగ్ 200 శాతమైతే పిక్సెళ్లు రెట్టింపవుతాయి కాబట్టి 2వ మెట్టుకే 96 వచ్చేస్తుంది. స్లయిడర్‌ను చివరిదాకా లాగి "పెద్దది చేసినా పనిచేయలేదు" అనుకునేవాళ్లు చాలామంది ఈ హద్దు దగ్గరే దెబ్బతింటున్నారు. ఈ 15 మెట్ల స్లయిడర్ విండోస్ 10లో 1903 రూపంతో వచ్చింది. సర్వర్ 2019 అంతకుముందరి 1809 మీద కట్టింది కాబట్టి అందులో దొరకదు, పైన చెప్పిన స్కీమ్ దారే పట్టాలి. సర్వర్ 2022లో ఉంది.

బాణం అసలే కనపడకపోవడం వేరే జబ్బు. ర్యాక్‌లో ఉన్న సర్వర్‌కు మౌస్ తగిలించి ఉండదు. విండోస్ 8, సర్వర్ 2012 నుంచి, మౌస్ లేని యంత్రంలో సిస్టమ్ బాణాన్ని దాచేస్తుంది. కన్సోల్ తెరను, అంటే సర్వర్ సొంత తెరను, పట్టి పంపే వీఎన్‌సీ తరహా పరికరాల్లో క్లిక్‌లు పడుతుంటాయి, మెనూలు తెరుచుకుంటుంటాయి, బాణం మాత్రం ఉండదు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ తన మౌస్‌ను తానే తెచ్చుకుంటుంది కాబట్టి అక్కడ ఈ గొడవ రాదు. మందు మూడు రకాలు. ఈజ్ ఆఫ్ యాక్సెస్‌లో మౌస్ కీస్ ఆన్ చేస్తే బాణం తిరిగొస్తుంది. అప్పుడు నమ్ ప్యాడ్ అంకెలు వేయడం మానేసి బాణాన్ని కదుపుతుంది కాబట్టి, నమ్ లాక్ ఆఫ్‌లో ఉన్నప్పుడే మౌస్ కీస్ పనిచేసేలా అక్కడే మార్చుకోవాలి. అంకెలతో పనిచేసేవాళ్లకు ఇది మరిచిపోకూడదు. రెండోది రిజిస్ట్రీ, విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు. లోకల్ మెషిన్ భాగంలో విండోస్ కరెంట్ వెర్షన్ కింద పాలసీస్, దాని కింద సిస్టమ్‌లో ఎనేబుల్ కర్సర్ సప్రెషన్ అనే డీవర్డ్ విలువను 0 చేసి సర్వర్ రీస్టార్ట్ చేయాలి. మూడోది, ఒక యూఎస్‌బీ మౌస్ తగిలించి వదిలేయడం. మొరటుగా ఉన్నా గట్టి మందు. లినక్స్ వీఎన్‌సీ సెషన్లలోనైతే కర్సర్ లేనప్పుడు చుక్క చూపే సదుపాయం టైగర్ వీఎన్‌సీ వ్యూయర్‌లో ఉంది, దాన్ని ఆన్ చేయాలి. సెషన్ మొదలయ్యే స్క్రిప్ట్‌లో ఎక్స్‌కర్సర్ సైజ్ 48 అని పెడితే బాణం పెరుగుతుంది.

టైప్ చేసేచోట మిణుకుమనే గీతను కర్సర్ అనే అంటాం గానీ అది వేరే వస్తువు. దాన్ని గీసేది సర్వరే, అది తెర బొమ్మలో భాగంగానే వస్తుంది. దాని మామూలు వెడల్పు ఒక్క పిక్సెల్. ఫోర్‌కే తెర మీద ఒక్క పిక్సెల్ గీతను వెతకమనడం అన్యాయం. వాడేవారి రిజిస్ట్రీలో కంట్రోల్ పానెల్ కింద డెస్క్‌టాప్‌లో కారెట్ విడ్త్ విలువను 1 నుంచి 20 దాకా పెట్టుకోవచ్చు. 5 లేదా 6తో మొదలుపెట్టి, సైన్ అవుట్ చేసి మళ్లీ రావాలి. మిణుకు వేగం మామూలుగా 530 మిల్లీ సెకన్లు. ప్రతి మిణుకూ నెట్‌వర్క్ మీద ఒక తెర మార్పు కాబట్టి రిమోట్ డెస్క్‌టాప్‌లో దాన్ని ఆపేసే ఏర్పాటు ఉంది. కనెక్షన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే డిజేబుల్ కర్సర్ సెట్టింగ్ అనే వరుస ఉంటుంది. అక్కడ 1 ఉంటే 0 చేయండి. సొంత గీతను తామే గీసుకునే కొన్ని ఎడిటర్లు, టెర్మినళ్లు ఈ వెడల్పును పట్టించుకోవు, వాటి సెట్టింగుల్లో విడిగా మార్చాలి.

భూతద్దం (మ్యాగ్నిఫయర్), తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల ఇబ్బంది ఇంకా లోతైనది. మన కంప్యూటర్లోని మ్యాగ్నిఫయర్‌కు రిమోట్ కిటికీ మొత్తం ఒకే బొమ్మ. బాణం వెంట అది వెళ్లగలదు. టైప్ చేసే గీత ఎక్కడుందో, ట్యాబ్ నొక్కితే ఏ పెట్టెలోకి వెళ్లామో దానికి తెలిసే దారి లేదు. స్క్రీన్ రీడర్‌కూ అంతే, లోపల ఎన్ని బటన్లున్నా దానికి చదవడానికి ఏమీ ఉండదు. కాబట్టి మ్యాగ్నిఫయర్ సెషన్ లోపల నడవాలి. స్క్రీన్ రీడర్ సర్వర్లో ఉండాలి, శబ్దం మన దగ్గరికి వచ్చేలా కనెక్షన్‌లో ఆడియో తెరిచి ఉంచాలి. జాస్ అనే స్క్రీన్ రీడర్‌కు రెండు వైపులా పెట్టుకుని కలిపే పద్ధతి ఉంది. ఎన్‌వీడీఏ అనే ఇంకో స్క్రీన్ రీడర్‌కు 2025.1 రూపం నుంచి రిమోట్ యాక్సెస్ అందులోనే వస్తోంది. ఇంకో చిన్న మెలిక, కీబోర్డ్‌ది. మామూలు అమరికలో విండోస్ కీతో నొక్కే షార్ట్‌కట్లు ఫుల్ స్క్రీన్‌లో ఉంటేనే సర్వర్‌కు వెళతాయి. కిటికీని చిన్నది చేసుకుని విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే తెరుచుకునేది ఇక్కడి మ్యాగ్నిఫయర్. "ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు" అనే ఫిర్యాదుకు ఇదే మూలం. కనెక్షన్ సెట్టింగ్స్‌లో లోకల్ రిసోర్సెస్ ట్యాబ్‌కు వెళ్లి, షార్ట్‌కట్లు రిమోట్ కంప్యూటర్‌కే వెళ్లాలని మార్చుకుంటే అది తీరుతుంది.

ఇవన్నీ వాడేవాళ్లు తమకు తాము చేసుకోగలిగినవే, అడ్మిన్లు చేసుకోనిస్తే. సంస్థ కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నుంచి నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో మౌస్ పాయింటర్లు మార్చకుండా ఆపే అంశం ఒకటుంది, వ్యక్తిగత అలంకరణల జాబితాలో వాల్‌పేపర్ పక్కన. వాల్‌పేపర్‌తో పాటు దాన్నీ మూసేస్తుంటారు. బాణం అలంకారం కాదు, దయచేసి ఆ ఒక్కదాన్నీ తెరవండి. మ్యాండేటరీ ప్రొఫైల్ (వాడేవారి మార్పులు దాచుకోని సెట్టింగుల మూట) ఉన్నచోట సైన్ అవుట్ కాగానే మార్పులన్నీ పోతాయి. నాలుగు సర్వర్ల గుంపులో ప్రొఫైల్ వెంట రాకపోతే, ఏ రోజు ఏ సర్వర్ తగిలితే ఆ బాణమే. ఇలాంటి చోట లాగిన్ అయ్యేటప్పుడు అవసరమున్నవాళ్ల గ్రూపుకు కర్సర్ విలువలు రాసే పాలసీ పెట్టాలి. లాగిన్ తెర అయితే ఎవరి ప్రొఫైల్‌నూ చూడదు, డిఫాల్ట్ యూజర్ రిజిస్ట్రీలోని కర్సర్లను తీసుకుంటుంది. అక్కడ కూడా పెద్ద నల్ల బాణం పెట్టకపోతే, పాస్‌వర్డ్ పెట్టె వెతుక్కోవడంతోనే వాళ్ల రోజు మొదలవుతుంది.

కొత్త రిమోట్ సర్వర్‌ను అప్పగించే ముందు నెట్‌వర్క్ వేగం, ప్రింటర్లు పరీక్షిస్తారు. ఆ జాబితాలో ఇదీ చేర్చమని ఐటీ విభాగాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తెలుపు, నలుపు, మధ్యరకం బూడిద రంగు పేజీలు మూడు తెరవండి. బాణాన్నీ, ఐ-బీమ్‌నూ, టైప్ చేసే గీతనూ ఒక్కోదాని మీద చూడండి. సంస్థలో వాడే ప్రతి క్లయింట్ నుంచీ, 100 శాతం, 200 శాతం స్కేలింగ్‌లో ఒక్కోసారి చూడండి. చూసేది అడ్మిన్ ఒక్కరే కాకుండా, మ్యాగ్నిఫయర్ వాడే ఉద్యోగిని కూడా ఆ పూట పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ సరే అన్నాకే సంతకం చేయండి.

ఇట్లు,
ఒక సర్వర్ నిర్వాహకుడు