ఫౌలు బోర్డు దగ్గర పుట్టదురా

బెంగళూరు,
ఆదివారం

ఒరేయ్ రమణా,

మీ చిన్నాడి లాంగ్ జంప్ వీడియోలు నాలుగూ చూశాను. మూడు ఫౌళ్లు, అంటే ఎగరాల్సిన చెక్కబోర్డు దాటేశాడు; నాలుగోది ఆ బోర్డుకి జానెడు ఇవతలే ఎగిరాడు. నువ్వేమో గాల్లో కాళ్లెలా ఆడించాలని అడుగుతున్నావు! గాల్లో ఏం చేసినా ఒళ్లు ముందుకి తూలకుండా ఆపుకోడానికే. దూరం తేల్చేది వేగం, ఎగిరిన కోణం. ముందు రనప్, అదే బోర్డుదాకా తీసే పరుగు, చూడు.

వాడి తప్పంతా బయల్దేరేచోట ఉంది. ఒకసారి నడిచొచ్చి పరుగందుకుంటాడు, ఇంకోసారి నిలబడ్డచోటి నుంచే. మొదటి రెండంగలు పూటకో రకంగా పడితే చివరిది బోర్డు మీద ఎలా పడుతుంది?

వాడికి 14 అంగలు చాలు. ఎడమకాలితో ఎగురుతాడు కదా, ఆ కాలు బయల్దేరే గీత మీద పెట్టి నిలబడి, కుడికాలితో మొదలెట్టమను. 14వ అంగకి ఎడమకాలే బోర్డెక్కుతుంది. గీత ఎక్కడంటావా? బోర్డు మీద ఎడమకాలు పెట్టించి, ఇసుకకి వీపు చేసి, రనప్ దారినే ఎదురు పరుగు తియ్యమను. 14వ అంగ పడ్డచోట నువ్వు గుర్తుపెట్టు. అయిదారుసార్లు చేస్తే గుర్తులన్నీ గుంపుగా పడతాయి, దాని నడిమధ్యే గీత. టేపుతోనే కొలువు. పాదాలతో కొలిస్తే పోటీ రోజుకి నీ చెప్పులు మారతాయి.

ప్రతిసారీ బోర్డుని 20 సెంటీమీటర్లు దాటుతుంటే బయల్దేరే గీతని అంతే వెనక్కి జరుపు. ఎదురుగాలైతే కాస్త ముందుకి. వాణ్ని మాత్రం బోర్డు చూడనివ్వకు. తల వంచగానే అంగలు చిట్టివైపోయి, తెచ్చిన వేగమంతా అక్కడే పోతుంది. బోర్డు చూడ్డం నీ పని.

చివరిదాని ముందంగ కొంచెం సాగాలి, నడుము కాస్త దిగుతుంది. చివరిది కురచగా, చప్పున పడాలి, అదీ పాదం మొత్తంగా. మడమ ముందు గుద్దిందా, బ్రేకు వేసినట్టే, మడమా కమిలిపోతుంది. ఎగిరేటప్పుడు కుడితొడ నేలకి సమంగా వచ్చేదాకా మోకాలు లేపాలి.

ఇంకోటి, అంతకుముందు బోర్డు అవతలున్న బంకమట్టి మీద బూటు అచ్చు పడితే ఫౌలనేవాళ్లు; 2021 నవంబరు నుంచి అచ్చు పడక్కర్లేదు, బూటు కొన గాల్లో బోర్డు చివరి గీత దాటినా ఫౌలే.

దిగేటప్పుడు చెయ్యి వెనక ఆనించకూడదు. ఇసుకలో బోర్డుకి దగ్గరున్న గుర్తు నుంచే కొలుస్తారు. 2023లో మన లాంగ్ జంపర్ జెస్విన్ ఆల్డ్రిన్ బళ్లారిలో 8.42 మీటర్లు దూకితే, అదే ఏడు ఇంకో మన జంపర్ శ్రీశంకర్ భువనేశ్వర్‌లో 8.41 దూకాడు. చూడు, వేలెడు కూడా లేదు తేడా! ఇసుక తవ్వి మెత్తబరచకుండా మాత్రం దూకనివ్వకు.

దసరాకి వాణ్ని తీసుకురా, పొద్దున్నే కంఠీరవ స్టేడియానికి పోదాం. 30 మీటర్ల టేపు నువ్వే తేవాలి.

నీ,
ప్రసాదు