యూరప్ వెళ్లేవాళ్లకు ఎక్కడ దిగాలో కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో యూరప్ నగరాల గురించి వచ్చే వ్యాసాలు నేను వదలకుండా చదువుతాను. ఏం చూడాలో, ఏ నెలలో వెళ్లాలో చక్కగా రాస్తున్నారు. ఎక్కడ దిగాలనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఊరి నడిబొడ్డున పాత పేటలో అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నీ నడిచి చూడొచ్చని ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ఆ మాట నమ్మి వెళ్లి మేము ఇబ్బంది పడ్డాం. అంతకంటే బాధ కలిగించిన సంగతి, మా వల్ల అక్కడివాళ్లు ఇబ్బంది పడటం. అందుకే ఈ ఉత్తరం.

కిందటేడు మా అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడు, నేనూ మావారూ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఒక వారం ఉండి వద్దామనుకున్నాం. ఉరుకులు పరుగులు వద్దు, రోజుకొకటి చూసి, సాయంత్రం ఎక్కడైనా కూర్చుని కాఫీ తాగితే చాలన్నది మా ఆలోచన. వీసాకు బస కాగితం చూపించాలి కదా, ఆ టెన్షన్‌లో ఏజెంటు చూపించిన ఫొటోలు చూసి అల్ఫామా అనే పాత పేటలో వంటగది ఉన్న ఇల్లు నాలుగు రాత్రులకు ఖాయం చేసేశాం.

అల్ఫామా అందంగా ఉంటుంది, కాదనను. 1755 భూకంపంలో లిస్బన్ చాలా భాగం నేలమట్టమైనా ఈ పేట చాలావరకు నిలిచింది. అందుకే ఆ సందులు ఇప్పటికీ సన్నగా, మెట్లు మెట్లుగా, కోట ఉన్న కొండ మీది నుంచి నది వైపు దిగుతూ ఉంటాయి. చాలా సందుల్లోకి కారు రాదు. ట్యాక్సీ అతను మమ్మల్ని కిందే దించి, వేలు పెట్టి పైకి చూపించాడు. బాటంతా చిన్న చిన్న రాళ్లు, జనం నడిచి నడిచి నున్నబడిపోయాయి. మావారికి మోకాళ్ల నొప్పులు. పది మెట్లకోసారి ఆగుతూ, సూట్‌కేసులు గరగరలాడించుకుంటూ ఎక్కాం.

గుమ్మం పక్కన గోడకు అంకెలు నొక్కితే తెరుచుకునే తాళంచెవుల డబ్బాలు నాలుగు బిగించి ఉన్నాయి. రండి అనే మనిషి లేడు. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. చెక్కమెట్ల పక్క గోడకు చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది, కింద ఇంగ్లీషులో కూడా: 'రాత్రిపూట పెట్టెలు ఈడ్చకండి, ఎత్తి పట్టుకోండి. ఇక్కడ తెల్లవారి పనికి వెళ్లేవాళ్లు పడుకుని ఉంటారు.' అప్పటికి రాత్రి పదకొండు దాటింది. ఆ కాగితం దాకా మేము ఈడ్చుకుంటూనే వచ్చాం. కింది వాటాలో లైటు వెలిగింది, తలుపు కొద్దిగా తెరిచి ఒక పెద్దావిడ చూసింది, ఏమీ అనకుండా మూసుకుంది. మర్నాడు ఆవిడ మనవరాలు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది, ఆ మెట్ల మీదున్న ఆరు వాటాల్లో ఊరివాళ్లు మిగిలింది రెండింట్లోనేనని. మన పక్క ఫ్లాట్‌లో మూడురోజులకోసారి కొత్తవాళ్లు దిగుతుంటే మనకెలా ఉంటుంది? నాలుగు రాత్రులూ నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మిగతా మూడు రాత్రులకు కాంపో దె ఒరీక్ అనే పేటకు మారాం. టూరిస్టులు ఎక్కడానికి ఎగబడే 28 నంబరు ట్రామ్ చివరి స్టాపు అక్కడే. చివరి స్టాపు కాబట్టి పొద్దున్నే వెళ్తే కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. వీధులు గళ్లు గీసినట్టు తిన్నగా, చాలావరకు చదునుగా ఉంటాయి. మేము దిగింది లిఫ్ట్ ఉన్న చిన్న బస. దగ్గర్లో ఒక తోట, చెట్ల కింద పేకాడుకునే ముసలివాళ్లు, బడి వదిలాక పిల్లల గోల. కూరగాయల మార్కెట్‌లో టమాటాలు కొంటుంటే, పండినవి కావాలా పచ్చివా అని ఆ దుకాణమామె చేతులతో అడిగింది. మేము హాయిగా ఉన్నది ఆ మూడు రోజులే.

ఒక్క లిస్బన్ సంగతి కాదు ఇది. వెనిస్ పాత నగరంలో 1950ల మొదట్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా ఉండేవారు, 2022లో ఆ లెక్క 50 వేల కిందికి పడిపోయింది. బార్సిలోనాలో 10,101 టూరిస్టు అపార్ట్‌మెంట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని 2024లో మేయరే ప్రకటించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంత ఇంటిని టూరిస్టులకు ఏడాదికి 30 రాత్రులకు మించి ఇవ్వకూడదని 2019లో నిబంధన పెట్టారు. ఊరివాళ్లకు అద్దె ఇళ్లు దొరక్కపోవడానికి మనలాంటివాళ్ల బసలు ఒక్కటే కారణమని నేను అనడం లేదు. కానీ అదీ ఒక కారణమే, అది మన చేతిలో ఉన్నది.

మనవాళ్లు అపార్ట్‌మెంట్ ఎందుకు కోరుకుంటారో నాకు తెలుసు. ఇంత అన్నం వండుకుని పచ్చడి కలుపుకుంటే గానీ పెద్దవాళ్లకు కడుపు నిండదు. వంటగది ఉన్న బసలు లైసెన్సుతోనే, హోటళ్ల పద్ధతిలో నడిచేవి కూడా ఉన్నాయి. పోర్చుగల్‌లో ఇలాంటి ఇళ్లకు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ప్రకటనలో చూపించాలి, అపార్ట్‌మెంట్ అయితే గుమ్మం దగ్గర 'ఏఎల్' (పోర్చుగీసులో 'స్థానిక బస' అనే మాటకు పొడి అక్షరాలు) అని రాసిన పలక పెట్టాలి. మేము దిగిన ఇంటికి నంబరూ లేదు, పలకా లేదు. అది చూడాలని మాకెవరూ చెప్పలేదు. టికెట్లతో పాటు బస కూడా కుదిర్చిన ఏజెంటును లిఫ్ట్ ఉందా అని నేను రెండుసార్లు అడిగాను. 'అన్నీ ఉంటాయమ్మా' అన్నాడు.

కాబట్టి నా కోరిక ఇది. నగరం గురించి రాసేటప్పుడు ఊరివాళ్లు కాపురాలుండే రెండు మూడు పేటల పేర్లు, అక్కడికి ఏ మెట్రో, ఏ ట్రామ్ వెళ్తుందో రాయండి. లిస్బన్‌లోనే విమానాశ్రయం నుంచి ఎర్ర లైన్ మెట్రో ఎక్కితే నేరుగా సల్దాన్యాలో దిగొచ్చు, అలమేడాలో ఆకుపచ్చ లైన్‌కు మారితే అల్వలాద్ వస్తుంది. రెండూ పెద్దగా ఎత్తుపల్లాలు లేని పేటలు. లైసెన్సు నంబరు ఎక్కడ చూడాలో ఒక్క ముక్క చేర్చండి. టూరిస్టులు బసకు ఊరికి కట్టాల్సిన పన్ను కూడా రాయండి. 2024 సెప్టెంబరు నుంచి లిస్బన్‌లో పదమూడేళ్లు నిండిన ప్రతి మనిషికీ రాత్రికి 4 యూరోలు, ఏడు రాత్రుల వరకు. అంటే వారానికి ఇద్దరికి 56 యూరోలు, ఇది తెలియక కౌంటర్ల దగ్గర గొడవపడే మనవాళ్లను చూశాను. ట్రావెల్ ఏజెంట్లు కూడా, అమ్మానాన్నలను పంపేటప్పుడు బస ఏ అంతస్తులో ఉందో, లిఫ్ట్ ఉందో లేదో, కారు గుమ్మం దాకా వస్తుందో రాదో కాగితం మీద రాసివ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం