రంగుల పరీక్ష గురించి అబ్బాయికి

బండారులంక

చిరంజీవి పెద్దబాబుకు అమ్మ దీవెనలు.

రాత్రి హాస్టల్లో మానిటర్ మీద రంగుల పరీక్ష చేసుకున్నానని, నీలం నుంచి ఆకుపచ్చకు వెళ్లే వరుసలో గడులను సరిగా పేర్చలేకపోయానని, ఇక లోకో పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం దండగని నువ్వు ఫోనులో అన్న మాట తెల్లవార్లూ నా మనసులో మెదులుతూనే ఉంది. ఆ ఉద్యోగానికి రంగులు సరిగా కనిపించి తీరాలన్నది నిజమే. అయినా ఆ తెర చెప్పిన ఫలితాన్ని నమ్మి దరఖాస్తు మానుకోవద్దు.

ఆ పరీక్షకు మూలం 1943లో ఫార్న్స్‌వర్త్ అనే ఆయన రూపొందించిన ‘హండ్రెడ్ హ్యూ’ (వంద ఛాయల) పరీక్ష. పేరులో వంద ఉన్నా, నాలుగు పెట్టెల్లో ఉండేవి 85 రంగు బిళ్లలే. వాటిని పగటి వెలుగుకు సమానమైన దీపం కిందనే పేర్చాలి. తెర మీద ఉన్నది దాని నకలు. పక్కనుంచి చూస్తే ఛాయ మారిపోయే మానిటర్లు చాలా ఉన్నాయి. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంటుందని మానిటర్లో నువ్వు పెట్టుకునే నైట్ లైట్ సెట్టింగు నీలాన్ని తగ్గించి తెరనంతా పసుపు వైపు తిప్పుతుంది. నువ్వు తడబడింది సరిగ్గా నీలం ఉన్న వరుసలోనే కదా!

ఇది నాకు నూలు నేర్పిన సంగతి. ఒకసారి దీపం వెలుగులో రెండు అద్దకాల చిలకపచ్చ నూలు చిలపలు ఒకటేనని కలిపేశాను. తెల్లవారి కిటికీ దగ్గర చూస్తే ఒకటి పసుపు వైపు, రెండోది నీలం వైపు ఒరిగి ఉన్నాయి. అప్పటికే అంచు జానెడు నేసేశారు. ఆనాటి నుంచి పొద్దెక్కాకే ఛాయలు చూస్తున్నాను.

అయితే ఒక్కటి దాచకూడదు. మీ తాతయ్య, అంటే మా నాన్న, ఆకుల మధ్య ఎర్ర మందారాన్ని దూరం నుంచి గుర్తించలేకపోయేవారు, పూజకు కోసేటప్పుడు కొమ్మ దగ్గరకు వంచి చేత్తో తడిమేవారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. ఆయనకున్నది అదే అయితే ఆ క్రోమోజోమ్ నాకు వచ్చే ఉంటుంది. నా నుంచి నీకు అది చేరే అవకాశం సగానికి సగం. అందుకే పరీక్ష వద్దనను, సరైన పరీక్షే చేయించుకోమంటాను.

ముందు నైట్ లైట్ తీసేసి, మానిటర్ వేసిన అరగంట తర్వాత, పగలు, ఎదురుగా కూర్చుని మళ్లీ చెయ్యి. ఫలితం ఎలా వచ్చినా శనివారం ఇంటికి రా. అమలాపురంలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్దాం. చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఇషిహారా పుస్తకం చూపిస్తారు. 1917 నుంచి వాడుకలో ఉన్న ఆ పరీక్షను అచ్చు పుస్తకంలోనే చూడాలి, తెర మీద రంగులు మారిపోతాయి.

నువ్వు వచ్చేదాకా ఆకుపచ్చ చిలపలు ఏరకుండా అట్టేపెడతాను. ఆదివారం పొద్దున కిటికీ దగ్గర ఇద్దరం కలిసి పేరుద్దాం.

మీ అమ్మ