సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్లు అమ్మేవాళ్లకు అనుమతి ఉందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

అనంతపురం చుట్టుపక్కల హైవే మీద పాత కార్లు అమ్మే స్థలాలు ఏటేటా పెరుగుతున్నాయి. ఒకప్పుడు అక్కడ స్విఫ్టులు, ఇన్నోవాలు, బొలేరోలు కనబడేవి. ఇప్పుడు ముందు వరుసలో ఆడి క్యూ7, బీఎండబ్ల్యూ ఎక్స్5, మెర్సిడెస్ జీఎల్‌ఈ లాంటివి పెడుతున్నారు. కొత్తగా ఉన్నప్పుడు డెబ్బై, ఎనభై లక్షలు పలికిన బండి తొమ్మిది, పదేళ్లు తిరిగాక కొత్త క్రెటా ధరకు వస్తోంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఆశపడటం సహజమే. నాకు తెలిసి వీటిని కొన్నవాళ్లలో ఎక్కువ మంది గొప్ప కోసం కొనలేదు. బాడీ గట్టిగా ఉంటుంది, ఎయిర్‌బ్యాగులు ఎక్కువ, రాత్రిపూట తిరుమల నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇంటిల్లిపాదికీ భయం ఉండదు అని కొన్నారు. ఆ సేఫ్టీ బండిలో ఇంకా మిగిలి ఉందో లేదో చూసే నాథుడే లేడు. నా బాధంతా అదే.

పెద్ద యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయంటే వాటినీ, వాటి సెన్సర్లనూ కంపెనీ సామానుతో మార్చడానికి లక్షలు కావాలి. ఆ డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు పైన కవరు మాత్రం కొత్తది వేయించి, హెచ్చరిక లైటు వెలగకుండా లోపల చిన్న రెసిస్టర్ పెట్టి అమ్మేస్తారు. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషికి తేడా తెలియదు. తెలిసేది మళ్లీ గుద్దుకున్న రోజే.

వరద బండ్ల సంగతీ ఇంతే. 2022 సెప్టెంబరులో బెంగళూరులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో కార్లు నీళ్లలో ఎలా మునిగాయో మనమంతా టీవీల్లో చూశాం. అలా మునిగిన బండికి ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద, అంటే ఇక బాగుచేయడం గిట్టదని తేల్చి, డబ్బు చెల్లించి, ఆ బండిని స్క్రాప్ ధరకు వదిలించుకుంటుంది. దాన్ని కొన్నవాళ్లు కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్లీ రోడ్డెక్కిస్తే ఆపేవాళ్లెవరు? ఈ లగ్జరీ కార్లలో బ్రేకుల దగ్గర్నుంచి సస్పెన్షన్ దాకా చాలా భాగాలు కంప్యూటర్లతో ముడిపడి ఉంటాయి. వైరింగ్‌లో దూరిన తేమ వెంటనే బయటపడదు, కొన్ని నెలలకు తుప్పు రూపంలో బయటపడుతుంది. అప్పుడు మా ఊరి మెకానిక్ ఏం చేయగలడు? మా మెకానిక్‌లు పని తెలియనివాళ్లేమీ కాదు, ఇన్నోవాను కళ్లు మూసుకుని విప్పి బిగిస్తారు. కానీ ఈ బండ్లకు కంపెనీ స్కానర్ కావాలి, బెంగళూరుకో హైదరాబాద్‌కో తీసుకుపోవాలి.

ఇక ఢిల్లీ బండ్లు. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ, దాని పరిసరాల్లో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. తర్వాత సడలింపులు వచ్చినా, ఆ భయంతో చాలామంది తమ బండ్లను ముందే చవగ్గా వదిలించుకున్నారు. అవి ఎన్‌ఓసీలతో, అంటే వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రాలతో, దక్షిణాదికి వచ్చాయి. అందులో తప్పేమీ లేదు, చట్టం ఒప్పుకున్న పద్ధతే. కాగితాలు సగంలో ఆగిపోవడమే తప్పు.

మా బావమరిది ధర్మవరంలో చీరల వ్యాపారం చేస్తాడు. ఇలాంటి బండే ఒకటి ఒక బ్రోకరు దగ్గర కొన్నాడు. పాత యజమాని సంతకం చేసిన ఫారం 29, ఫారం 30 చేతిలో పెట్టి, పేరు మారడం లాంఛనమేనని నమ్మించారు. తీరా ఆర్టీఓ ఆఫీసుకు వెళితే పాత ఫైనాన్స్ కంపెనీ పేరు రికార్డులో అలాగే ఉంది. అప్పు ఎప్పుడో తీరిపోయినా, ఫైనాన్స్ కంపెనీ సంతకంతో ఫారం 35 ఇస్తే తప్ప ఆ పేరు తొలగదు. ఆ తిరుగుడులో ఉండగానే తాడిపత్రి రోడ్డులో బండి డివైడర్‌ను గుద్దింది. దేవుడి దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు. ఇన్సూరెన్స్ మాత్రం పాత యజమాని పేరు మీదే ఉంది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటు కొన్నవాళ్లకు వస్తుంది గానీ, సొంత బండి రిపేరు డబ్బు పాలసీ పేరు మారితేనే వస్తుంది. క్లెయిమ్ తిరస్కరించారు. బ్రోకరు ఫోన్ ఎత్తడం మానేశాడు.

అమ్మినవాళ్లకూ నిశ్చింత లేదు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదే.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాలు అమ్మే ప్రతి డీలరూ రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. యజమాని బండిని డీలరుకు అప్పగించగానే ఆ విషయం పోర్టల్‌లో నమోదవ్వాలి. అక్కడి నుంచి దానికి డీలరే యజమాని కింద లెక్క, బాధ్యత కూడా ఆయనదే. ఇంత చక్కటి నిబంధన ఉండి కూడా, మా బావమరిదికి బండి అంటగట్టిన బ్రోకరును ఆ పత్రం చూపించమని ఎవరూ అడగలేదు.

సంతలో ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, కాడి కట్టి నడిపించి చూస్తాడు. కారు కొనేవాళ్లకు చూసుకునే వీలు చాలా తక్కువ. బండ్ల రికార్డులుండే ప్రభుత్వ వెబ్‌సైటు వాహన్ పోర్టల్‌లో ఇప్పుడున్నది ఎన్నవ యజమాని, అప్పు ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అనేవి కనిపిస్తాయి. అవి తప్పకుండా చూసుకోవాలి. టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకముందే బండిని బెంగళూరులోని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయించి, పాత సర్వీసు రికార్డు అడగాలి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే ఆ బండి వద్దనుకోవడమే మంచిది.

ఈ వ్యాపారం మీద బతికే కుర్రాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ల పొట్ట కొట్టమని నేను అనడం లేదు. నిజాయతీగా అమ్మేవాళ్లకు అనుమతి పత్రం మంచి పేరే తెస్తుంది. జిల్లా రవాణా అధికారులు అనుమతి ఉన్న డీలర్ల జాబితాను ఆఫీసు ముందు తెలుగులో బోర్డు మీద పెట్టాలి, లేనివాళ్లకు గడువిచ్చి నోటీసులు ఇవ్వాలి. కేంద్ర రవాణా శాఖ కూడా ఇంకో మెట్టు ఎక్కాలి. సర్వీసులో నమోదయ్యే కిలోమీటర్లు, టోటల్ లాస్ అయిన వివరం, మార్చిన ఎయిర్‌బ్యాగుల వివరం వాహన్‌లో కొనేవాళ్లకు కనిపించేలా చేయాలి.

— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, అనంతపురం