హార్స్‌పవర్ సరే, బ్రేకుల సంగతి?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా మజిల్ కార్ల (పెద్ద ఇంజన్లున్న జోరు కార్ల) మీద వచ్చిన వ్యాసం చదివాను. మా గ్యారేజీలో 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి ఉంది కాబట్టి రెండుసార్లు చదివాను. ముందుగా చిన్న సవరణ. 1966 మోడల్ అంటూ మీరు వేసిన ఫొటో 1967 కారుది. వెనక లైట్ల మధ్య రేకు లోపలికి వంపు తిరిగి, పక్కన వెనక చక్రానికి ముందు గాలి చీలికల్లాంటివి రెండు ఉంటే అది 67. ఇలాంటివి పట్టించుకునేవాళ్లు కొద్దిమందే ఉంటారు. వాళ్లలో నేనొకణ్ని, ఏమీ అనుకోకండి. మస్టాంగ్ అసలు మజిల్ కారే కాదు, ‘పోనీ కారు’ (చిన్న సైజు స్పోర్టీ కారు) అని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. ఆ గొడవలోకి నేను వెళ్లను.

రెండోది ఆ పట్టిక. 1966 మస్టాంగ్‌కి 271 హార్స్‌పవర్ అని రాసి, పక్కనే ఇప్పటి కార్ల అంకెలు వేశారు. ఆ 271 అన్నిటికీ రాదు. ఛాసిస్ నంబరులో ‘కె’ అక్షరం ఉన్న ప్రత్యేకమైన ఇంజన్‌కే. మాది ‘సి’. అదీ 289 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజనే, అంటే 4.7 లీటర్లు. కాకపోతే రెండు బ్యారెళ్ల (గాలి, పెట్రోలు కలిసి వెళ్లే దారులు రెండే ఉన్న) కార్బురేటర్, 200 హార్స్‌పవర్. ఆ 200 కూడా కాగితం మీద మాట. అప్పట్లో ఇంజన్‌ని విడిగా స్టాండు మీద పెట్టి, ఫ్యాను, ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ లాంటి బరువులేవీ తగిలించకుండా కొలిచేవారు. దాన్ని గ్రాస్ లెక్క అంటారు. అన్నీ బిగించి కొలిచే నెట్ లెక్కకి అమెరికా కంపెనీలు 1972 నాటికి మారాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం వడ్ల బస్తాని బియ్యం బస్తాతో తూచినట్టు ఉంటుంది.

ఇవేవీ ఉత్తరం రాసేంత విషయాలు కావు. వ్యాసం చివర, పాత కారు కొన్నవాళ్లు ముందుగా చేయించుకోవాల్సినవి అని పెద్ద కార్బురేటర్, లావు సైలెన్సర్ పైపులు, వెడల్పు టైర్లు చెప్పారు. బ్రేకుల ఊసే లేదు. కలం పట్టింది అందుకు.

మేముండేది మిషిగన్‌లో, కాంటన్‌లో. ఈ కారు పుట్టింది డియర్‌బోర్న్ ఫ్యాక్టరీలో, ఇక్కడికి అరగంట దారి. ఇక్కడ ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర జరుగుతుంది. 1995లో మొదలైంది. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డు పొడవునా జనం కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కొన్నేళ్ల క్రితం ఆ జాతరకే బయల్దేరాం. మా ఆవిడ ఒళ్లో పులిహోర డబ్బా. ఫోర్డ్ రోడ్డు మీద సిగ్నల్ పడింది. బ్రేకు నొక్కాను. పెడల్ ఏ అడ్డూ లేకుండా నేలకి తగిలింది. ఇంకోసారి నొక్కాను, అదే తంతు. ముందు ఒక మినీవ్యాన్, దాని వెనక అద్దంలో చిన్నపిల్లల బొమ్మల స్టిక్కర్లు. గేరు లివర్ ‘ఎల్’లోకి, అంటే అన్నిటికన్నా కింది గేరులోకి లాగి, డ్యాష్‌బోర్డు కింద ఉండే పార్కింగ్ బ్రేకు పిడి పట్టుకుని గుంజాను. మూరెడు దూరంలో ఆగింది. మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఏవండీ, ఇంటికెళ్దాం, పులిహోర ఇంట్లోనే తినొచ్చు” అంది.

మర్నాడు చక్రాలు విప్పాను. కుడివైపు వెనక డ్రమ్ములో వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో ఆ చక్రం బ్రేకుని నొక్కే ముక్క) రబ్బరు చిరిగి, బ్రేక్ ఆయిల్ టైరు లోపలి వైపంతా కారి జిడ్డుగా ఉంది. ఇరవై డాలర్లు కూడా చేయని ముక్క. అదొక్కటి పోతే నాలుగు చక్రాలకీ బ్రేకులు ఎందుకు పోవాలి? ఎందుకంటే 1966 దాకా మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కి, అంటే పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే దానికి, ఒకటే గది. ఎక్కడ కారినా మొత్తం ఖాళీ. 67 నుంచి రెండు గదులు పెట్టారు, ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. మీ వ్యాసం ఈ ఒక్క ముక్క రాసి ఉంటే చాలు.

ఆ శీతాకాలమంతా అదే పని. ఇక్కడ మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పాత రేకుకి అది విషం. అందుకని నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బండి ఎటూ కదలదు. రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టాను. ముందు డ్రమ్ములు తీసి డిస్కులు బిగించాను. ముందు డిస్కు, వెనక డ్రమ్ము అయినప్పుడు వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించే వాల్వు కూడా వేయాలి. లేకపోతే గట్టిగా నొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేసి బండి తోక తిరుగుతుంది. తర్వాత బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. లోపల మా ఆవిడ పెడల్ మీద కాలు పెట్టి కూర్చుంది, కింద నేను స్పానరు పట్టుకుని పడుకున్నాను. “నొక్కు... పట్టుకో... ఇప్పుడు వదులు.” బుడగలు రావడం ఆగేసరికి చీకటి పడింది. సీసా తీస్తూ నేను ఒలకబోసిన ఆయిల్‌కి ఎడమ ఫెండరు మీద అరచేయంత రంగు ఉబ్బిపోయింది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

మాది ఉయ్యూరు. చదువుకునే రోజుల్లో సెలవులకి విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో లైటు పట్టుకుని నిలబడేవాణ్ని. అక్కడి మేస్త్రి అంబాసిడర్ డెల్కో (స్పార్కుని పంచే డిస్ట్రిబ్యూటర్) విప్పి, అందులో స్పార్కు కోసం కరెంటుని కలిపి తెంచే పాయింట్ల మధ్య సందు కంటితోనే చూసి సరిచేసేవాడు. ఏ బండి వచ్చినా ముందు జాకీ ఎత్తి చక్రాలు తిప్పి చూసేవాడు. “ముందు ఆగుద్దో లేదో చూడరా, పోవడం అదే పోద్ది” అనేవాడు. మస్టాంగ్‌లో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. పాతవి మాత్రం పారేయలేదు, గ్లవ్ బాక్సులో ఉన్నాయి. ఆ మేస్త్రి చూస్తే తిడతాడేమోనని.

ఇంకో మాట, ఇది మన ఊళ్లవాళ్లకి కూడా పనికొస్తుంది. మా డిక్కీలో పెట్రోలు వాసన వస్తుంటే వెతగ్గా, ట్యాంకు మూతి దగ్గరి రబ్బరు గొట్టం మెత్తబడి పగిలి ఉంది. ఈ కారులో డిక్కీ నేలే పెట్రోలు ట్యాంకు పైకప్పు, కాబట్టి అది తేలిగ్గా తీసుకునేది కాదు. ఇక్కడి పెట్రోలులో మామూలుగా పది శాతం ఇథనాల్ ఉంటుంది. పాతకాలం రబ్బరుకి అది పడదు. మన దగ్గర ఇప్పుడు ఇరవై శాతం కలుపుతున్నారు. పాత అంబాసిడరో, ఫియట్టో, నాన్నగారి స్కూటరో ఇంట్లో ఉన్నవాళ్లు ఒకసారి గొట్టాలు వేలితో నొక్కి చూసుకోండి. జిగటగా ఉంటే మార్చేయండి.

మిషిగన్‌లో కార్లకి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. నా బ్రేకులు ఎలా ఉన్నాయని ఇన్నేళ్లలో ఒక్క అధికారీ అడగలేదు. నడుముకి మాత్రమే ఉన్న సీటు బెల్టులు తీసి భుజం మీదుగా వచ్చేవి వేయమని అడిగింది మా ఆవిడే. అవి వేసేదాకా ఆమె బండెక్కలేదు. ఇంజన్ జోలికి ఇంతవరకు పోలేదు, ఆ రెండు బ్యారెళ్లే. వాన పడితే అద్దం కిందున్న గాలి జాలీ లోంచి నా ఎడమ పాదం మీద నీళ్లు కారుతున్నాయి, ఈ శీతాకాలం దాని పని.

మా బండి ఫొటో జతచేస్తున్నాను, రంగు ఉబ్బిన వైపు నుంచి తీసిందే. వేస్తే కింద 1966 అని వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు
కాంటన్, మిషిగన్